కుంకుడుకాయతో కడిగిన గొట్టాలు

గుండె ఆపరేషన్ల దగ్గర మిషను నడిపే పనిలో చేరబోయే పిల్లలు అప్పుడప్పుడూ మా ఇంటికి వస్తుంటారు. పంపు ఎంత వేగంగా తిప్పాలి, గొట్టం ఎంత లావుండాలి, ఆక్సిజన్ ఎంత వదలాలి అని అడుగుతారు. నా జవాబు వినగానే వాళ్ల ముఖాలు కాస్త చిన్నబోతాయి. నేను మిషను గురించి తక్కువ, రక్తం గురించి ఎక్కువ చెబుతాను మరి. మిషను చెడితే బాగు చేయించుకోవచ్చు. రక్తం చెడితే దాన్ని బాగు చేసే మెకానిక్కు ఇంతవరకూ పుట్టలేదు.

నా ప్రమోషన్లు, బదిలీలు, శాలువాలు ఇక్కడ రాయను. వాటితో ఎవరికీ పని లేదు. యాభైల చివర్లో కర్నూలులోని ఒక రేకుల షెడ్డులో నేను చేసిన తప్పు గురించి రాస్తాను. ఈ వృత్తిలో నాకు వచ్చిన విద్యలో సగం ఆ తప్పు నేర్పిందే.

షెడ్డు, మేము

రాజధాని కర్నూలు వదిలి హైదరాబాదుకు పోయాక ఊళ్లో ఖాళీ షెడ్లు చాలా మిగిలాయి. నిన్నటిదాకా ఫైళ్లు, గుమాస్తాలు ఉన్న చోట గబ్బిలాలు చేరాయి. నేను పనిచేసే ఆసుపత్రి వెనక అలాంటిదొకటి ఉండేది. మా సర్జన్ డాక్టర్ ఓబుళరెడ్డి గారు దాన్ని అడిగి తీసుకుని, బూజు దులిపించి, నీళ్లతొట్టి కట్టించారు. ఆయనది నంద్యాల వైపు భూములున్న ఇల్లు. విదేశంలో రెండేళ్లు చదివి వచ్చినా మాట మాత్రం చెనక్కాయ చేలోనే ఉండేది.

"అక్కడ చూసినానప్పా ఆ మిషను. గుండెను నిలబెట్టి, లోపల కుట్టి, మళ్లీ నడిపిస్తాండారు. మనకు అది యాడ నుంచి వస్తాది? చేసుకుందాం. చేతులుండాయి గదా" అన్నారు.

ఆ చేతులు ఎవరివంటే ఒకటి ఖాజాది, ఇంకొకటి నాది. ఖాజా కడప మనిషి. కర్నూలు బజారులో లేత్ పెట్టుకుని ఆయిలింజన్లు, చెరుకు గానుగలు బాగు చేసేవాడు. ఉక్కు ముక్క మీద బొటనవేలు రాసి, కంటికి కనపడని గరుకును పట్టేవాడు. నా పేరు సామేలు. పత్తికొండ దగ్గర పల్లె మాది, తాతల నాటి నుంచి చర్చికి పోయే కూలి కుటుంబం. ఆసుపత్రిలో ల్యాబ్ టెక్నీషియన్‌ని. గాజు సామాను కడగడంలో నా తర్వాతే ఎవరైనా అని పేరుండేది. ఆ పేరే నన్ను ముంచింది.

మిషను చూడడానికి ఏమంత గొప్పగా ఉండేది కాదు. అడ్డంగా పడుకోబెట్టిన లావుపాటి గాజు గొట్టం, దాని లోపల ఒక ఇరుసుకు గుచ్చిన ఉక్కు బిళ్లలు. బిళ్లలు సగం దాకా రక్తంలో మునిగి తిరుగుతుంటే, ఒక్కోదాని మీద రక్తం పల్చటి పొరగా అంటుకుని పైకి లేచేది. అక్కడ ఆక్సిజన్ తగిలి నల్లటి ఎరుపు మంచి ఎరుపయ్యేది. ఊపిరితిత్తులు చేసే పని అదే. గుండె పని పంపుది. రెండు రోలర్లు రబ్బరు గొట్టాన్ని ఒత్తుకుంటూ తిరిగి రక్తాన్ని ముందుకు తోసేవి.

రక్తం ఓర్చుకోలేనివి

ఇప్పుడు అసలు సంగతి. రక్తం పుట్టినప్పటి నుంచి నున్నటి నాళాల్లో తిరిగే వస్తువు. దానికి గాజు తెలియదు, ఉక్కు తెలియదు, రబ్బరు తెలియదు. గాలి అసలే తెలియదు. మనం దాన్ని బయటికి లాగి ఇవన్నీ ఒకేసారి పరిచయం చేస్తాం. అత్తగారింటికి మొదటిసారి వచ్చిన కోడలి మీద ఇంటిల్లిపాదీ ఒకేసారి విరుచుకుపడినట్టే. గడ్డ కట్టాలని చూస్తుంది. మందు వేసి ఆపుతాం. గడ్డ కట్టించే సన్నటి కణాలు గోడలకు అంటుకుని తరిగిపోతాయి, అందుకే ఆపరేషన్ అయిపోయాక కూడా కుట్ల దగ్గర రక్తం ఊరుతూ ఉంటుంది. అన్నింటికన్నా ముందు ఎర్రకణాలు పగులుతాయి.

పగిలాయో లేదో తెలుసుకోవడం కష్టమేమీ కాదు. మిషనులో గంట తిరిగిన రక్తాన్ని సన్నగొట్టంలో పోసి గిరగిర తిప్పితే కణాలు అడుక్కు దిగి, పైన ప్లాస్మా మిగులుతుంది. అది తేట పసుపుగా ఉంటే కణాలు క్షేమం. ఎర్రగా ఉంటే పగిలి లోపలి రంగు బయట పడిందని అర్థం. ఆ రంగును వడకట్టలేక మూత్రపిండాలు నానా అవస్థ పడతాయి, మూత్రం ఎర్రబడుతుంది, మరీ ఎక్కువైతే నల్ల టీ నీళ్లలా వచ్చి చివరికి ఆగిపోతుంది. గుండెకు కుట్లు చక్కగా పడి కూడా మనిషి దక్కకపోవచ్చు.

ఏది ఎక్కువ చెడగొడుతుందని అడుగుతారు. అందరూ పంపునే తిడతారు. రోలరు మరీ బిగిస్తే కణాలు నలిగే మాట నిజమే. అందుకే గొట్టాన్ని నిలువుగా పెట్టి నీళ్లు నింపి, రోలరు కింద నుంచి ఆ నీళ్లు దిగుతున్నాయా లేదా అన్నంత నెమ్మదిగా జారేలా బిగించాలి. కానీ నా అనుభవంలో పంపు కంటే పెద్ద దొంగ, సర్జన్ చేతిలో ఉండే పీల్చుడు గొట్టం. కోసిన చోట చేరిన రక్తాన్ని గాలితో కలిపి గుర్రుమని లాగితే అది నురగ అవుతుంది, నురగలో కణాలు బతకవు. ఈ మాట సర్జన్లకు చెప్పే ధైర్యం మీకు ఉండాలి. లేదంటే వేరే ఉద్యోగం చూసుకోండి.

ఇవన్నీ తెలుసు మాకు. తెలిసి కూడా బోల్తా పడ్డాం.

సుంకమ్మ

ఆమె మా వైపు పిల్లే, పత్తికొండ దగ్గరి రైతు తిమ్మప్ప కూతురు. పదేళ్లు. గుండె పై గదుల మధ్య గోడకు రంధ్రం. నాలుగడుగులు పరిగెత్తితే చతికిలబడి, ఆయాసం తగ్గేదాకా మోకాళ్లు పట్టుకుని కూర్చునేది. అప్పటికే ఏటికేడు చిక్కిపోతూ ఉంది. రంధ్రం మూయకపోతే పెద్ద మనిషి కాకముందే పోతుందని డాక్టరు గారు తండ్రికి దాచకుండా చెప్పారు.

మద్రాసులో ఒక ఆసుపత్రి సర్జన్ మా డాక్టరు గారికి సహపాఠి. ఆయన దగ్గర మంచి థియేటరు ఉంది, మిషను లేదు. వాళ్లిద్దరి మధ్య ఒప్పందం ఇది: ఆయన కర్నూలు వచ్చి కళ్లారా చూస్తాడు, కుక్కలకు మిషను పెట్టి గంట నడిపాక ప్లాస్మా తేటగా ఉంటే, మిషనుతో సహా మేము మద్రాసు పోయి సుంకమ్మకు ఆపరేషన్ చేస్తాం. ఎర్రబడితే లేదు.

మామూలు రోజుల్లో మాకు ప్లాస్మా తేటగానే వచ్చేది. మొదట్లో కుక్కలు బతకలేదు, ఆ మాట దాచను. తర్వాత బతకడం మొదలైంది. మూడో రోజుకు లేచి మా చేతులు నాకేవి. ఇక ధైర్యం వచ్చి మద్రాసు ఆయనను పిలిచాం. వచ్చారు, నిలబడి చూశారు. గంట తర్వాత నేను సన్నగొట్టం పైకెత్తితే పైనంతా దానిమ్మ రసం. ఆయన గడియారం చూసుకున్నారు.

నెల తర్వాత మళ్లీ వచ్చారు, మళ్లీ దానిమ్మ రసమే. మధ్యలో మేము మాత్రమే ఉన్న రోజుల్లో శుభ్రంగా వచ్చిన మిషను, పెద్ద మనుషులు వచ్చిన రోజునే పరువు తీసేది. డాక్టరు గారి కోపమంతా ఖాజా మీదికి పోయింది. బజారుకు పోయి, పనివాళ్ల ముందరే, "గానుగలు చేసే చేత్తో గుండెలు చేస్తే ఇట్లే ఉంటాది" అనేశారు. ఖాజా తల వంచుకుని బిళ్లలన్నీ విప్పి మళ్లీ మెరుగు పెట్టాడు. రోలర్లు మార్చాడు. ఇరుసు మార్చాడు. ఒకసారి నాతో, "ఖుదా కసమ్ సామేలూ, నా బిళ్లల్లో తప్పు లేదప్పా. తప్పు యాడుందో నాకు తెలీడంల్యా" అన్నాడు. నేను సానుభూతిగా తలాడించాను. లోపల మాత్రం, బిళ్లల్లోనే ఉంటుందిలే అనుకున్నాను. నా పని మీద నాకు అంత నమ్మకం.

తిమ్మప్ప అన్న మాట

రబ్బరు గొట్టాలు దొరకడం కష్టం కాబట్టి కడిగి మళ్లీ వాడేవాళ్లం. రోజూ ఆయా వెంకటమ్మ చాకలి సోడా కలిపిన నీళ్లతో కడిగేది. పెద్ద పరీక్ష ఉన్నప్పుడు మాత్రం ఆ పని ఎవరికీ ఇచ్చేవాణ్ని కాదు. ముందురోజు నేనే కూర్చునేవాణ్ని. మా అమ్మ పెళ్లి చీరను, చర్చి పీఠం మీది తెల్లగుడ్డను కుంకుడు రసంతో తప్ప వేరే దేంతోనూ ఉతికేది కాదు. ఎంత మొండి మరకైనా వదులుతుంది, గుడ్డ చెడదు. నేనూ ఇంటి నుంచి కుంకుళ్లు తెచ్చి, నానబెట్టి, పిసికి, ఆ రసం గొట్టాల్లో పోసి నురగ వచ్చేలా ఆడించేవాణ్ని. లోపల అంటుకున్న పాత రక్తం చారలు చారలుగా ఊడి వచ్చేది. అద్దంలా మెరిసేవి. తర్వాత డిస్టిల్డ్ వాటర్‌తో రెండుసార్లు జాడించి తొలిచేవాణ్ని. ఆ నీళ్లు దించే మా చిన్న బట్టీ రోజంతా ఉడికినా రెండు జగ్గుల కంటే ఇచ్చేది కాదు. ఆపైన ఉడకబెట్టేవాణ్ని.

మూడోసారి మద్రాసు ఆయన రావడానికి ఇంకా వారం ఉండగానే, ఈసారి మరీ శుభ్రంగా ఉండాలని తొట్టి దగ్గర అలాగే కూర్చుని కడిగి ఆడించి చూసుకుంటున్నాను. తిమ్మప్ప బీడీ ఆర్పి పక్కన వచ్చి కూర్చున్నాడు. బిడ్డను వార్డులో పెట్టి రోజంతా షెడ్డు చుట్టూ తిరగడమే ఆయన పని.

"కుంకుడుకాయతో కడుగుతాండావా అప్పా?"

"ఊఁ. దీన్ని మించింది లేదు తిమ్మప్పా."

"మరకలు పోతాయిలే. మా ఊర్లో వంక మడుగులో కుంకుడు గుడ్డలు మాత్రం పిండనియ్యం. చేపపిల్లలు తేలిపోతాయి. మా అవ్వ శానా తిట్టేది."

ఊరికే అన్నాడు, వేరే మాటలోకి పోయాడు. నా చేతులు నీళ్లలోనే ఆగిపోయాయి. ఆ సంగతి నాకూ తెలుసు. పత్తికొండ వైపు పుట్టినవాడికి తెలియకుండా ఉంటుందా? ఆ ముక్కను ఊళ్లోనే వదిలేసి వచ్చాను, అంతే. చేపను చంపే ఆ నురగ గొట్టంలో కాస్త మిగిలినా ఎర్రకణాలను వదులుతుందా?

తిమ్మప్ప లేచి పోయాక రెండు సన్నగొట్టాలు తీసుకున్నాను. రెండింట్లోనూ ఉప్పునీళ్లు పోసి, నాలుగు చుక్కలు నా రక్తమే వేశాను. ఒకదాంట్లో వెంకటమ్మ కడిగిన గొట్టం తొలిచిన నీళ్లు కలిపాను, రెండోదాంట్లో నేను కడిగిన గొట్టం తొలిచిన నీళ్లు. ఒక పూట కదపకుండా పెట్టాను. మొదటిదాంట్లో కణాలు అడుక్కు దిగి పైన తేటగా ఉంది. నాది పై నుంచి కింది దాకా ఎరుపే. పరీక్ష ఎంత ముఖ్యమైతే నేను అంత శ్రద్ధగా కడిగాను. ఎంత శ్రద్ధగా కడిగితే అంత విషం పెట్టాను.

మూడు రోజులు

వెంటనే చెప్పానని రాసుకుంటే బాగుంటుంది. చెప్పలేదు. ఇకపై కుంకుళ్లు మానేస్తే చాలు, ఎవరికీ తెలియదు అనుకున్నాను. గొట్టాలన్నీ సోడాతో కడిగి కడిగి పెట్టాను. ఖాజా ఎదురుపడితే పక్క సందులోకి తిరిగాను. భయం కంటే సిగ్గే ఎక్కువ. కూలివాడి కొడుకు కష్టపడి సంపాదించుకున్న పేరు అది, పోతే మళ్లీ రాదనిపించింది.

మూడో రోజు డాక్టరు గారు బల్ల మీద ఉత్తరం రాస్తూ కనిపించారు. నన్ను చూసి, "మద్రాసుకు రాస్తాండా సామేలూ. ఇంక రావద్దంటాండా. ఈ మిషనుకు ఏ దినం ఎట్లుంటాదో తెలీదు. అట్లాంటిదానికి పసిబిడ్డను ఎట్ల అప్పజెప్పేది? తిమ్మప్పను ఊరికి పొమ్మని చెప్పు" అన్నారు.

ఆ మాట నేనే చెప్పాలట. తిమ్మప్ప కిటికీ అవతల కనబడుతున్నాడు. సుంకమ్మను భుజాన ఎత్తుకుని ఆసుపత్రి వేపచెట్టు కింద నిలబడి ఉడతను చూపిస్తున్నాడు.

"మిషనులో ఏం లేదు సార్. తప్పు నాది" అన్నాను.

అంతా చెప్పాను. రెండు గొట్టాలూ తెచ్చి చూపించాను. ఆయన వాటిని వెలుతురుకు పెట్టి చాలాసేపు చూశారు. అరుస్తారనుకున్నాను, అరవలేదు.

"ఇది తెలిసి ఎన్ని దినాలైంది?"

"మూడు సార్."

"కుంకుడుకాయ తప్పు గాదు. తెలియక చేసినావు. నేనూ అడగల్యా, దేంతో కడుగుతాండావని. ఈ మూడు దినాలుండాయి చూడు, అదప్పా తప్పు" అని ఉత్తరం రెండుగా చించారు. నా జీవితంలో నన్ను ఎవరూ అంత మెత్తగా తిట్టలేదు, అంత గట్టిగానూ తిట్టలేదు.

తర్వాత టోపీ పెట్టుకుని, "దా, బజారుకు పోదాం" అన్నారు. ఖాజా దుకాణంలో, అదే పనివాళ్ల ముందర, ముందు ఆయనే, "ఖాజా, ఆ పొద్దు నేనన్న మాట తప్పు" అన్నారు. తర్వాత కుంకుళ్ల సంగతి, మూడు రోజుల సంగతి నేను చెప్పాను. ఖాజా లేత్ ఆపి అంతా విన్నాడు. నా వైపు చూడకుండా, "ఇంక మీదట గొట్టాలు నా ముందర కడగాల" అన్నాడు. ఆ రోజు నుంచి పరీక్ష ముందు తొట్టి దగ్గర స్టూలు వేసుకుని కూర్చుని, నేను కడుగుతుంటే చూసేవాడు. నాకు రోషం వచ్చేది కానీ నోరెత్తలేదు. పనిలో ఒకరి కన్ను ఇంకొకరి మీద ఉండడం అవమానం కాదని అర్థం కావడానికి కొంత కాలం పట్టింది. ఇప్పుడైతే అలాంటి కన్ను లేని థియేటరులో నేను కాలు పెట్టను.

మద్రాసు ఆయన మూడోసారి వచ్చినప్పుడు ప్లాస్మా లేత పసుపుగా వచ్చింది. ఆయన సన్నగొట్టాన్ని నా చేతిలోంచి తీసుకుని మరీ చూశారు.

మద్రాసులో

మిషనును చెనక్కాయ పొట్టు దట్టించిన పెట్టెలో పెట్టి, డోన్‌లో రైలు మార్చి తీసుకుపోయాం. ఖాజా ఆ పెట్టె మీదే కూర్చుని వచ్చాడు. మిషను నింపడానికి ఆ పొద్దున తీసిన తాజా రక్తమే కావాలి కనుక, గ్రూపు కలిసిన తిమ్మప్ప బంధువులు ఎనిమిది మంది మాతోపాటే వచ్చారు. కొవ్వుతో ప్లాస్మా మసకబారకుండా ముందురోజు నుంచి నూనె, నెయ్యి ముట్టవద్దని చెబితే, "రక్తమిచ్చేదానికి పస్తులా?" అని గొణిగారు కానీ మాట తప్పలేదు.

పొద్దున గొట్టాలు తొలిచిన నీళ్లకు నా పరీక్ష పెట్టాను. అడుగున కణాలు, పైన తేట. ఖాజా కూడా వంగి చూసి తలాడించాడు. అప్పుడే మిషనులో రక్తం పోశాం.

సుంకమ్మ గుండెను తెరిచి, రంధ్రం కుట్టి, మూసేదాకా నేను గాజు గొట్టం మీది నుంచి కన్ను తీయలేదు. పీల్చుడు గొట్టం గుర్రుమన్న ప్రతిసారీ, "సార్, నెమ్మది" అన్నాను. మద్రాసు ఆయన ముందు విసుక్కున్నారు, రెండోసారి నెమ్మది చేశారు. మిషను ఆపాక గుండె దానంతటది కొట్టుకుంది. అందరూ మాస్కుల కింద నవ్వారు. నేను నవ్వలేదు. నా పరీక్ష ఇంకా మిగిలి ఉంది.

మధ్యాహ్నం నర్సు మొదటి సీసా తెచ్చింది. మూత్రం ఎర్రగా ఉంది. ముదురు టీ రంగు కాదు కానీ ఎరుపే. డాక్టరు గారు సెలైను వేగం పెంచి కుర్చీ లాక్కుని మంచం పక్కన కూర్చున్నారు. రెండో సీసా గులాబీ రంగు. ఆ తర్వాత ఎంతసేపటికీ ఏమీ రాలేదు. ఆ సమయంలో ఖాజా వచ్చి నా పక్కన నిలబడ్డాడు. బజారులో ఆ రోజు తర్వాత మొదటిసారి నా భుజం మీద చెయ్యి వేశాడు. "బాగా కడిగినావప్పా. నేను చూసినా" అన్నాడు. నాకు ఏడుపొచ్చింది.

పొద్దు వాలే వేళకు మూడో సీసా వచ్చింది. డాక్టరు గారు దాన్ని కిటికీ దగ్గరికి తీసుకుపోయారు. నేనూ ఖాజా వెనకే పోయాం. ఎండ దాని గుండా వచ్చి గోడ మీద లేత పసుపుగా పడింది. ముగ్గురం దాన్నే చూస్తూ నిలబడ్డాం.

గుమ్మం దగ్గర నుంచి తిమ్మప్ప భయంభయంగా అడిగాడు. "ఏమప్పా సామేలూ, బిడ్డ ఉచ్చను అట్ల చూస్తాండారేమి?"

"నీ బిడ్డ నీకు దక్కినట్టే తిమ్మప్పా" అన్నాను.

ఆయనకు ప్లాస్మా తెలియదు, పగిలిన కణాలు తెలియవు. లోపలికి వచ్చి డాక్టరు గారి చేతిలోంచి సీసా తీసుకుని, మాలాగే వెలుతురుకు పెట్టి చూశాడు. తర్వాత దాన్ని రెండు చేతులతో పట్టుకుని, ఒలికిపోతుందేమోనన్నంత జాగ్రత్తగా నాకిచ్చాడు.